వజ్రపక్షికి నల్లగీత

హనుమేష్‌కు ఏ రంగైనా ఒకసారి చూస్తే చాలు. వాళ్ల నాన్న కోడుమూరులో చీరల నూలుకు రంగులద్దేవాడు. ఆ రంగు బానల పక్కనే పెరిగినవాడు కాబట్టి, టీవీలో కనబడిన పసుపులో ఎరుపు ఎంత కలిసిందో, తెలుపు ఎంత కలిసిందో ఇట్టే చెప్పేవాడు. పెద్దయ్యాక ఆ అద్దకం పని వదిలి కర్నూలు వచ్చి, బుధవారపేటలో దాసన్న అనే పెయింటరు ఖాళీ చేస్తున్న బోర్డుల షాపును తను తీసుకున్నాడు. అతను పెట్టిన పని ఏమిటో విన్నవాళ్లు మొదట నవ్వారు. సూపర్ హీరో బొమ్మలకు రంగులు మార్చడం.

వజ్రపక్షి అనే హీరో ముందు కార్టూన్‌లో వచ్చాడు. పసుపు బట్టలు, నీలం రెక్కలు, చుట్టూ నల్లటి గీత. అదే కథను సినిమాగా తీసినప్పుడు బట్టలు బూడిదరంగుకు మారాయి, ముఖానికి మాసిన గడ్డం వచ్చింది. అంగళ్లలో దొరికే బొమ్మలన్నీ ఆ సినిమా రూపానివే. చిన్నప్పుడు కార్టూన్ చూసి పెరిగి, ఇప్పుడు ఉద్యోగాల్లో వ్యాపారాల్లో ఉన్నవాళ్లకు అది మింగుడుపడలేదు. వాళ్లు తమ బొమ్మలను హనుమేష్‌కు పార్శిల్ చేసేవాళ్లు. అతను వాటిని సబ్బునీళ్లతో కడిగి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, కార్టూన్ రంగులు వేసి తిరిగి పంపేవాడు.

అయితే రంగు వేసినంత మాత్రాన బొమ్మ కార్టూన్ అయిపోదు. ముక్కు పక్కన, దవడ కింద, వేళ్ల సందుల్లో, బట్టల మడతల్లో నల్లగీత పడాలి. సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సన్నగా ఆగిపోవాలి. ఆ గీత హనుమేష్ చేతికి రాలేదు.

అది దాసన్నకు వచ్చు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు కర్నూలు పాతబస్తీలో సగం అంగళ్ల మీద పేర్లు ఆయన చేత్తో రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. వయసుతో చేయి వణికేది కానీ, కుంచె మొన బొమ్మకు తగలగానే వణుకు నిలిచిపోయేది. ఊపిరి బిగబట్టి, ఒక్క విసురులో కనుబొమ గీసి, అప్పుడు ఊపిరి వదిలేవాడు. షాపు తీసుకున్న హనుమేష్ ఆయన్ను కూడా పనిలో ఉంచుకున్నాడు. మామా అని పిలిచేవాడు. దాసన్న భార్య గిడ్డమ్మ రోజూ ఇద్దరికీ కలిపి ఒకే క్యారియర్‌లో జొన్నరొట్టెలు, పుంటికూర పంపేది.

హనుమేష్ తన బొమ్మల వీడియోలు ఫోన్‌లో పెట్టేవాడు. చూసినవాళ్లంతా గీత గురించే అడిగేవాళ్లు. "మీ చేతిలో ఏముందన్నా?" అంటే నవ్వే ఎమోజీ ఒకటి పెట్టి ఊరుకునేవాడు. అలా రెండేళ్లు గడిచాయి.

ఒకరోజు వేంపల్లె నుంచి ఉమామహేశ్వర అనే ఆయన కారు వేసుకుని షాపుకు వచ్చాడు. భూములూ వ్యాపారాలూ ఉన్న ఇంటివాడు. బొమ్మలు సేకరించేవాళ్లలో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఆయన పెట్టే వీడియోలు లక్షల మంది చూస్తారు. ఆయన లోపలికి వచ్చేసరికి దాసన్న చేతిలో నల్లరంగు ముంచిన కుంచె ఉంది.

"ఎవరప్పా ఈ పెద్దాయన?"

"కుంచెలు కడిగే ఆయన సార్," అన్నాడు హనుమేష్, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

దాసన్న కుంచెను మెల్లగా నీళ్ల గ్లాసులో పెట్టాడు. ఉమామహేశ్వర హనుమేష్ కుడిచేయి పట్టుకుని తిప్పి చూసి, దాన్ని ఫొటో తీసుకున్నాడు. "ఈ చెయ్యి కోసమే కడప జిల్లా నుంచి వచ్చినా అన్నా. కొత్తింట్లో అద్దాల బీరువా చేయించినా. గృహప్రవేశానికి పన్నెండు వజ్రపక్షులు అందులో నిలబడాల. ఆ పొద్దు లైవ్‌లోనే తెరుస్తా." తర్వాత దాసన్న వైపు చిటికె వేశాడు. "పెద్దాయనా, బొమ్మల పెట్టె కార్లో ఉండాది. తెచ్చిపెట్టు."

దాసన్న హనుమేష్ ముఖం చూశాడు.

"పో మామా, సార్‌కు టైమైతాంది."

దాసన్న వెళ్లి పెట్టె మోసుకొచ్చాడు. కారు వెళ్లిపోయాక అడిగాడు. "నా పేరు చెప్తే నీకేం పోతాదిరా?"

"బోర్డులు రాసుకునే ముసిలోడు గీస్తాండాడంటే ఈ బొమ్మలు ఎవురు పంపిస్తారు మామా? వాళ్లకు ఒక ఆర్టిస్టు కావాల. నువ్వు గీయి, నేను కనపడతా. నీకు కూడు దొరుకుతాంది కదా."

 మరుసటి రోజు దాసన్న పన్నెండింటిలో మొదటి బొమ్మ పూర్తి చేసి, దాని పాదం కింద, ఎవరూ చూడని చోట, బియ్యపుగింజంత అక్షరం ఒకటి రాశాడు. "దా". సాయంత్రం వార్నిష్ కొట్టబోతూ హనుమేష్ అది చూశాడు. దూదిని థిన్నర్‌లో ముంచి, దాసన్న చూస్తుండగానే రుద్దేశాడు. రుద్దిన చోటు తెల్లబడేదాకా రుద్దాడు.

"ఇది నీ బోర్డు కాదు," అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ముసలాయనకు తన స్థానం తెలియాలని అతనికి అనిపించింది. మరుసటి రోజు దాసన్న ఇంకెవరో పంపిన బొమ్మకు గీత గీయడానికి కుంచె ఎత్తినప్పుడు, ఆ చేయి గాలిలో వణకడాన్ని దొంగచాటుగా వీడియో తీశాడు. కుంచె బొమ్మకు తగలకముందే దాన్ని కత్తిరించాడు. వెనకాల డప్పు మోత కలిపి, 'మా తాత కూడా ఆర్టిస్టు అయితాడంట' అని రాసి ఫోన్‌లో పెట్టాడు. వజ్రపక్షి బొమ్మల్లో ఒక్కదాన్ని కూడా అంతమంది చూసి ఉండరు.

గిడ్డమ్మ దాన్ని రేషన్ షాపు దగ్గర చూసింది. వరసలో ముందున్న ఆడమనిషి ఫోన్ చూపించి, "ఈ తాత మీ ఆయన కాదా?" అని తన చేయి కూడా అలాగే వణికించింది. వరసంతా నవ్వింది. గిడ్డమ్మ బియ్యం తీసుకోకుండానే ఇంటికి వచ్చింది. భర్తతో ఏమీ చెప్పలేదు. చెప్పే పని లేకపోయింది. అదే సాయంత్రం టీకొట్టు ఓబుళేశు గ్లాసు అందిస్తూ, సగం టీ ఒలికేదాకా చేయి ఊపి, "పట్టు దాసన్నా, నీకు తగ్గట్టే ఇస్తాండా" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. దాసన్న మిగిలిన సగం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. మళ్లీ షాపుకు పోలేదు.

హనుమేష్ రెండు రోజులు ఎదురుచూశాడు. మూడో రోజు పట్టుదల వచ్చింది. రెండేళ్లు పక్కన కూర్చుని చూసిన పని, తనకు మాత్రం ఎందుకు రాదు? మిగిలిన పదకొండు బొమ్మలకు తానే గీయడం మొదలుపెట్టాడు. గీయడం, చెరపడం, మళ్లీ రంగు వేయడం, మళ్లీ గీయడం. మూడు వారాలు అదే పని. చివరికి ఏది బాగుందో ఏది బాగలేదో తెలియని స్థితికి వచ్చాడు. గృహప్రవేశానికి నాలుగు రోజులుందనగా, ఆ పదకొండు బొమ్మలనూ అట్టపెట్టెలో సర్దుకుని, పొద్దున్నే జొహరాపురంలో దాసన్న ఇంటికి వెళ్లాడు.

గిడ్డమ్మ అలవాటుగా చెంబుతో నీళ్లిచ్చింది. హనుమేష్ వీడియో మాట ఎత్తలేదు. క్షమించమనీ అడగలేదు. పెట్టె తెరిచి, బొమ్మలను వరసగా చాప మీద నిలబెట్టాడు.

"ఒక్కసారి చూడు మామా. తప్పుంటే చెప్పు, సరిచేసుకుంటా. ఇంగా నాలుగు దినాలుండాది."

దాసన్న అద్దాలు పెట్టుకుని ఒక్కో బొమ్మనూ వెలుతురుకు ఎత్తి చూశాడు. మొదటిదానికి ఎడమ కనుబొమ నుదుటి మీదికి ఎక్కింది. రెండోదానికి దవడ గీత తారు పూసినంత లావుగా ఉంది. ఇంకోదానికి పెదవి గీత రెండుసార్లు తెగి, అతికించినట్టుంది. పదకొండింటినీ చూడటానికి ఆయనకు చాలా సేపు పట్టింది. హనుమేష్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"బాగుండాయిరా," అన్నాడు దాసన్న.

"నిజంగానా మామా?"

"నా కంటే బాగా గీసినావు. పంపించు."

రెండేళ్లలో దాసన్న అతన్ని ఒక్కసారి కూడా మెచ్చుకున్నది లేదు. హనుమేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. గోడకు ఆనుకుని నిలబడిన గిడ్డమ్మ ఆ బొమ్మలను చూసింది. నలభై ఏళ్లు పెయింటరుతో కాపురం చేసిన మనిషి ఆమె. నోరు తెరవబోయింది. దాసన్న తలెత్తి ఆమెను చూశాడు. ఆమె చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

గృహప్రవేశం రోజు మధ్యాహ్నం హనుమేష్ షాపులో కుర్చీలు వేసి, ఓబుళేశునూ టీకొట్టు దగ్గరివాళ్లనూ పిలిచి, ఉమామహేశ్వర లైవ్ అందరికీ కనబడేలా ఫోన్‌ను స్టాండుకు పెట్టాడు. వేంపల్లెలో ఉమామహేశ్వర చుట్టూ పట్టుబట్టలతో చుట్టాలు నిలబడి ఉన్నారు. ఆయన హనుమేష్ పంపిన పెట్టెలోంచి మొదటి బొమ్మ తీశాడు. అది దాసన్న గీసినది. చుట్టాల్లోంచి "అబ్బా" అనే మాట వినబడింది. ఇక్కడ ఓబుళేశు హనుమేష్ వీపు తట్టాడు. ఉమామహేశ్వర రెండోది తీశాడు. దాన్ని మొదటిదాని పక్కన పెట్టి, రెండింటినీ మార్చి మార్చి చూసి, మూడోది తీశాడు. నాలుగోది తీసేసరికి ఆయనకు నవ్వాగలేదు.

"వీనికి పక్షవాతం వచ్చిందబ్బా! మూతి యాడికి పోయిందో చూడండి!"

చుట్టాలు నవ్వారు. తెర మీద నవ్వే ఎమోజీలు వందలకొద్దీ పైకి తేలాయి. ఉమామహేశ్వర అక్కడి నుంచే హనుమేష్‌కు వీడియో కాల్ చేసి లైవ్‌లో కలిపాడు.

"ఏమన్నా ఇది? ఎవరు చేసినారు?"

 షాపులో అందరూ హనుమేష్ వైపే చూస్తున్నారు. "నేను కాదు సార్. ఆ ముసిలాయన... కుంచెలు కడిగే ఆయన, నేను లేనప్పుడు చెయ్యి పెట్టినాడు."

"ఓహో. మొదటిది మాత్రం నువ్వే గీసినావా?"

"నేనే సార్."

"అట్లయితే ఇప్పుడొకటి గీయి. మేమంతా చూస్తాండాం. ఒక్క కనుబొమ. అంతే."

తప్పించుకునే దారి లేదు. ఎవరో పంపిన బొమ్మ ఒకటి రంగు వేసి ఆరబెట్టి ఉంది. హనుమేష్ దాన్ని తీసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. దాసన్న ఎలా కూర్చునేవాడో అలాగే కూర్చున్నాడు. కుంచె మొన తగిలింది. రంగు ఎక్కువైంది. గీత కనుబొమ దాటి, కన్ను దాటి, చెంప మీదుగా కారింది. దాన్ని ఆపబోతే బొటనవేలు తగిలి ముఖమంతా నల్లగా అలుక్కుపోయింది.

అటు వేంపల్లెలో, ఇటు షాపులో ఒకేసారి నవ్వారు. అందరికంటే గట్టిగా ఓబుళేశే నవ్వాడు.

"చాల్లే అన్నా," అన్నాడు ఉమామహేశ్వర, కళ్లు తుడుచుకుంటూ. "ఇంటికొచ్చిన చుట్టాలకు మంచి ఆట చూపించినావు."

ఆ ముక్క రెండు రోజుల్లో అంతటా పాకింది. బొమ్మలు పంపినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తమవి తమకు తిరిగి పంపమన్నారు. కొందరు తిట్టారు. ఎక్కువమంది నవ్వే ఎమోజీ మాత్రం పెట్టారు. నెల తిరక్కుండానే షాపు మూతబడింది.

కోడుమూరు బస్సెక్కే రోజు, భుజాన సంచితో హనుమేష్ మళ్లీ జొహరాపురం వచ్చాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. దాసన్న అన్నానికి కూర్చుంటున్నాడు. హనుమేష్ లోపలికి రాలేదు, గడప బయటే నిలబడ్డాడు.

"ఒక్క మాట అడిగి పోదామని వచ్చినా మామా. ఆ పొద్దు నీకు కండ్లు సరిగ్గా కనపడలేదు కదా? అద్దాలు పాతవి కదా? అందుకే బాగుండాయని చెప్పినావు. అంతే కదా?"

ఔనని ఆయన అంటే చాలన్నట్టు చూస్తున్నాడు. గిడ్డమ్మ గరిటె పట్టుకుని భర్త ముఖం చూసింది. ఔనను, అన్నట్టు తల కూడా ఊపింది.

దాసన్న విస్తట్లో ముద్ద కలుపుకుంటూ అన్నాడు. "కనపడింది. పదకొండూ బాగా కనపడినాయి."

 హనుమేష్ సంచి సర్దుకుని ఎండలో నడిచి వెళ్లిపోయాడు. గిడ్డమ్మ నీళ్ల చెంబుతో వీధి మలుపు దాకా వెంటబడింది. పిలిచింది. అతను వెనక్కి తిరగలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి దాసన్న విస్తరి ఖాళీ అయింది. చాలా రోజుల తర్వాత ఆయనకు ఆకలి వేసింది.

"ఇంగొంచెం పెట్టు," అన్నాడు.

గిడ్డమ్మ అన్నం గిన్నెను ఆయన ముందుకు జరిపి, గరిటె అందులో వదిలేసి, బయటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది.