మూగబోయిన మౌత్ ఆర్గాన్

"జిగురు పెట్టొద్దన్నానా లేదా?" అని కసిరి, ల్యాబు నడిపే ఆవిడ ఒక పరిశోధక విద్యార్థి చేతిలోని కాంక్రీటు ముక్కను లాక్కుంది. గోకి, తుడిచి, అల్యూమినియం పట్టీతో యంత్రం ముందున్న పీటకు బిగించింది. ఎక్స్‌రేకు జిగురు దాదాపు ఆనదు, లోహమే అడ్డు. న్యూట్రాన్లు ఇత్తడిలోంచి కూడా దూసుకుపోతాయి కానీ జిగురు, చెక్క, నీళ్లు ఎదురైతే ఆగిపోతాయి. అందుకే ఇక్కడ ప్రతి వస్తువు లోపలినీ రెండింటితోనూ బొమ్మ తీసి చూస్తారు. ఈ సంగతి ఏళ్ల తరబడి అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. చాటుగా అందరూ ఆవిడను కందిరీగ అంటారు.

ఇంట్లో ఇంకా ఘోరం. చచ్చిపోయిన నాన్న మౌత్ ఆర్గాన్ కిందటి నెల మూగబోయింది. అక్కే కింద పడేసి, లోపల ఊదితే అదిరి పలికే ఇత్తడి మీటలు విరగ్గొట్టిందని చెల్లెలు. నువ్వే శుభ్రం చేస్తానని నీళ్లలో నానబెట్టావని ఈవిడ. మేకులు తుప్పుపట్టాయి, విప్పితే విరుగుతుంది. చెల్లెలు ఇవాళ ఇల్లు వదిలి పోతోంది, మళ్లీ గడప తొక్కనంది. దారిలో ల్యాబు గేటు దగ్గర వాయిద్యం తీసుకుంటుందట. అంతలోగా ఆ పిల్ల నోరు మూయించాలి.

అందరూ భోజనాలకు వెళ్లగానే వాయిద్యాన్ని పీటకెక్కించింది. ఎక్స్‌రేలో మీటలు ఒక్కటీ విరగలేదు. న్యూట్రాన్ల బొమ్మలో మీటల మధ్యనున్న చెక్క తడి పీల్చి ఉబ్బి కనబడింది. రెండు బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి వేస్తే, ఆ చెక్కే మీటలను నొక్కి పట్టిందని తేలింది.

"ఇప్పుడేమంటావే!" అని పైకే అనేసింది.

తీయబోతే రేడియేషన్ మీటరు కీచుమంది. న్యూట్రాన్లు తగిలిన ఇత్తడికి రేడియేషన్ పడుతుంది, అది తగ్గేదాకా సీసపు బీరువా దాటకూడదు. ఊరందరికీ తనే చెప్పే మాట, పంతంలో తనకే గుర్తురాలేదు. వాయిద్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

గేటు దగ్గర చెల్లెలు పెట్టెతో నిలబడి ఉంది. ఆవిడ బొమ్మ కాగితం చాపింది. "చూసుకో. నేను విరగ్గొట్టలేదు. నీ నీళ్లే ముంచాయి."

చెల్లెలు కాగితం వంక చూడలేదు. "బొమ్మెందుకు? నాన్నదేదీ?"

"వారం ఆగాలే. రేడియేషన్ పట్టింది."

"ఇవ్వనని చెప్పు, పోతుంది. ఈ నాటకాలెందుకు?"

"నీ మీదొట్టే!"

"పలక్కపోతే పోయిందక్కా. దాని చెక్క మీద నాన్న పంటిగాట్లున్నాయి. నాక్కావలసింది అవి."

చెల్లెలు ఎక్కిన టాక్సీ తలుపు ధడాలున మూసుకుంది. వాదం తనే గెలిచింది. ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది, తుడుచుకోవడానికి చేతిలో ఆ కాగితం తప్ప ఏమీ లేదు.

సీసపు బీరువాలో, ఆవిడే రాసి అంటించిన 'తాకరాదు' చీటీ కింద, మౌత్ ఆర్గాన్ పంటిగాట్ల అంచు గోడవైపు తిరిగి ఉంది.