మైకు మింగిన అక్షరం

నేను ఒక మైకును. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు గానీ, బుద్ధి తెలిసేసరికి విజయనగరంలో ఒక సౌండు సర్వీసాయన దగ్గర ఉన్నాను. పెళ్ళిళ్ళలో మంత్రాల కంటే తప్పిపోయిన పిల్లల పేర్లే ఎక్కువ చెప్పాను. ముసలిదాన్నయ్యాక నన్ను గుమ్మలపేట ఇత్తడి పనివారల సహకార సంఘానికి అంటగట్టాడు.

అరవైమంది సభ్యులకు మైకెందుకంటారా? బిందెలు కొట్టీ కొట్టీ అక్కడ నలభై దాటిన వాళ్ళందరికీ బ్రహ్మచెవుడు. ఒకరినొకరు నోటితో పిలవరు, భుజం తట్టి పిలుస్తారు. నాకా, మెడ దగ్గర వైరు వదులు. మాటకో అక్షరం మింగేస్తుంటాను. చెవిటివాళ్ళకు నత్తిదాన్ని తోడు తెచ్చారన్నమాట. అయినా ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చాం.

స్టీలు బిందెలొచ్చాక పని సన్నగిల్లింది. చాలామంది పట్నంలో కూలికి వెళ్తున్నారు. చివరికి పాలకవర్గం కూర్చుని సంఘాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. అది నెగ్గాలంటే అరవైమందిలో నలభైమంది ఒప్పుకోవాలి.

చేతులెత్తే రోజు మధ్యాహ్నం సంఘం హాలుకు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది సూరాచారి. డెబ్భై ఆరేళ్ళవాడు. ఇంట్లో కొలిమి లేదు, సంఘం షెడ్డులో ఉన్నదే ఆయన కొలిమి. సంఘం పోతే ఆయన సుత్తి పక్కన పెట్టాల్సిందే. అధ్యక్షుడు వీరభద్రం ఆయన మేనల్లుడే.

వీరభద్రం నా ముందుకొచ్చి, "రద్దు కావాలన్నోలు సేతులెత్తండి" అన్నాడు. నేను 'ర'నూ ఆ వెనక మాటనూ మింగేశాను. సూరాచారి చెవికి 'ద్దు... సేతులెత్తండి' అని మాత్రమే చేరింది. తన మనసులో ఉన్నది అదే కాబట్టి ఆయన దాన్ని 'వద్దు' అనుకుని చటుక్కున చెయ్యెత్తాడు. వెనక్కి తిరిగి అన్ని చేతులు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. సంఘం కావాలనేవాళ్ళు ఇంతమంది ఉన్నారని మురిసిపోయాడు పాపం. తప్పు నాదే. చెబుదామంటే నాకు సొంత గొంతు లేదు.

లెక్కపెడితే సరిగ్గా నలభై.

"వద్దన్నోలు ఎత్తండి" అన్నాడు వీరభద్రం. ఈసారి మాట మొత్తం వినిపించింది. సూరాచారి తెల్లబోయి మళ్ళీ చెయ్యెత్తాడు. జరిగిన పొరపాటు అందరికీ అర్థమైంది. వీరభద్రం దిగివచ్చి ఆయన చెవి దగ్గర వంగాడు.

"మావా, ముందెత్తిన సెయ్యి లెక్కనోంచి తీసీమంటే తీసెత్తాను. అప్పుడు తీర్మానం నెగ్గదు. నువ్వెలాగంటే అలాగే."

"మరి ఆ సేతులన్నీ?"

"రద్దుకే, మావా."

సూరాచారి వెనక్కి తిరిగి ఒక్కొక్కరినే చూశాడు. చాలామంది తలలు దించుకున్నారు.

"నానొక్కడినీ పట్టుకుంటే సంఘం నిలబడతాదేట్రా? నాది కూడా అందులోనే రాసీ" అన్నాడు.

తర్వాత కండువా దులుపుకుని హాలు పక్కనే ఉన్న షెడ్డులోకి వెళ్ళాడు. అక్కడ ఆయన సగం కొట్టిన బిందె ఒకటుంది.

కాసేపటికి సుత్తి మోత మొదలైంది. నేను ఇంకా ఆన్‌లోనే ఉన్నాను. ఆ మోత నాలోంచి లౌడుస్పీకరుకు చేరి హాలంతా మోగింది. చెవిటివాళ్ళకు కూడా దెబ్బదెబ్బా వినిపించింది. వీరభద్రం నా స్విచ్చి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. ఇంటికి వెళ్ళడానికి ఎవరూ లేవలేదు.