ఊపిరంత సందు

పొద్దున్నే కృష్ణయ్య లుంగీ పైకి ఎగ్గట్టి, ఇంట్లో నీళ్ళను చీల్చుకుంటూ బయటికొచ్చి, సందు మొదట్లో పాల పాకెట్ తెచ్చుకునేవాడు. మూసీ పొంగినప్పుడు చాదర్‌ఘాట్ దిగువన ఆ బస్తీలో ఇళ్ళన్నీ మునిగాయి. వరద తీశాక అందరికీ బురద మిగిలింది. కృష్ణయ్య ఇంట్లో మాత్రం నీళ్ళు మిగిలిపోయాయి. ముందు గోడ కూలిపోయినా, ఆ గోడ ఉన్న చోట కత్తితో కోసినట్టు నిలబడ్డాయి. సందులోకి చుక్క కూడా జారలేదు. నడుము లోతు ఉండేవి. మురికంతా అడుక్కి దిగి తేటపడ్డాయి. పక్కింటి పుష్పమ్మ కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఆ నీళ్ళలోనే నడిచొచ్చి టీ ఇచ్చి, "ఎండాకాలం మీ ఇల్లు మస్తు సల్లగుంటది" అనేసి పోయేది.

ఆ నీళ్ళ మీదే కృష్ణయ్య భార్య ఆగమ్మ పడుకునేది. రోగం ఎముకల్లోకి దిగిందనీ, ఇక చేసేదేమీ లేదనీ ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. మంచం మీద దుప్పటి తగిలితే కేక పెట్టే మనిషి, నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ నొప్పి మరిచి కునుకు తీసేది. నీళ్ళు ఆమెను ముంచలేదు. కృష్ణయ్య ఆమె తల కింద చెయ్యి పెట్టి జావ తాగించేవాడు.

ఇంతలో ఏటి ఒడ్డు ఇళ్ళ మీద ఎర్ర గుర్తులు పడ్డాయి. అన్నీ కూల్చేసి, ఊరవతల నాలుగో అంతస్తులో ఇళ్ళిస్తామని సర్కారు వాళ్ళు చెప్పిపోయారు. పుష్పమ్మ ఏడ్చి, తర్వాత గిన్నెలు మూట కట్టుకుంది. కృష్ణయ్య మాత్రం మెట్లెక్కి ఈ నీళ్ళు ఎలా వస్తాయా అని ఆలోచిస్తూ కూచున్నాడు.

అప్పుడే మీరాలం చెరువులో పడవలు తిప్పే సాగర్ వచ్చాడు. తను పనిచేసే మోటార్ల కంపెనీ మూతపడ్డాక కృష్ణయ్య బయట దొరికిన ఇంజన్ పని చేసుకుంటున్నాడని అతనికి తెలుసు.

"కాకా, అరిగిన ఇంజన్ బోరు జేయించి తెచ్చిన. పడవల కూసోవెట్టి, నీళ్ళల్ల ఫ్యాను తిప్పే షాఫ్టుకు సూటి జెయ్యాలె. పోయినసారి ఒకడు ఒడ్డు మీదనే బిగించిండు. నీళ్ళల్లకి దించంగనే పడవంత దడదడ."

"ఒడ్డు మీద పడవ ఒక తీరుంటది, నీళ్ళల్ల ఇంకో తీరుంటది. తేలినంకనే సూటి సూడాలె. గని నేను రాలేను సాగరూ. ఈమెను ఇడిసిపెట్టి యాడికొస్త?"

సాగర్ ఇంట్లోకి తొంగి చూశాడు. "నీళ్ళు గీడనే ఉన్నయి గద. పడవనే తెస్త." వెళ్ళబోతూ ఆగాడు. "ఇది మంచిగ నడిస్తే నువ్వు చెరువు కాడనే ఉండు కాకా. షెడ్డు పక్కన రూమున్నది. మెట్లు దిగితే నీళ్ళే."

ఆగమ్మ కళ్ళు మూసుకునే ఉంది కానీ ఆ మాట వింది.

పడవను వ్యాన్‌లో తెచ్చి, కూలిన గోడ మీదుగా నీళ్ళలోకి జార్చారు. మూడు ఇనుప గొట్టాలు నిలబెట్టి, చైన్ కప్పీతో ఇంజన్‌ను దించి దాని దిమ్మల మీద కూచోబెట్టారు. సాగర్ మనుషులు వెళ్ళిపోయాక అసలు పని మొదలైంది. ఇంజన్ వైపు చక్రమూ, షాఫ్టు వైపు చక్రమూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. వాటి మధ్య సన్నని సందు చుట్టూ ఒక్కలా ఉండాలి. పలుచటి ఉక్కు రేకును ఆ సందులో పైనా కిందా, కుడీ ఎడమా దూర్చి చూడాలి. ఎక్కడా పట్టెయ్యకూడదు, ఎక్కడా వదులు కాకూడదు.

కృష్ణయ్య ఎంత సరిచేసినా అది కుదరలేదు. పైన రేకు పట్టేసేది. పానా తీసుకుని నట్టు తిప్పేలోపు వదులయ్యేది. మళ్ళీ పట్టేసేది. దిమ్మల కింద రేకు ముక్కలు పెట్టాడు, తీశాడు. ఇంజన్‌ను తిట్టాడు, తన కళ్ళను తిట్టుకున్నాడు. బయట బస్తీ సందు చివర జేసీబీ చప్పుడు దగ్గరవుతోంది. సాగర్ ఫోన్ చేసి, ఇంక ఆగలేననీ, రేపటికి కాకపోతే పడవ తీసుకుపోతాననీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నం రేకును చక్రాల సందులోనే ఉంచి, అలసిపోయి అలాగే కూచున్నప్పుడు కృష్ణయ్యకు అర్థమైంది. ఆగమ్మ ఊపిరి పీల్చినప్పుడు నీళ్ళు రవ్వంత ఉబ్బుతున్నాయి. పడవ ఒళ్ళు విరుచుకుంటోంది. రేకు పట్టేస్తోంది. ఆమె ఊపిరి వదిలితే రేకు వదులవుతోంది.

"ఏమాయె?" అంది ఆగమ్మ.

"ఏం లేదు. నీ ఊపిరికి పడవ కదులుతున్నది."

ఆమె నవ్వింది. "ఇన్నేండ్లు నా మాటనే ఇనకపోతివి. ఇప్పుడు ఊపిరి ఇంటున్నవా?" పడవ వైపు చూసి మళ్ళీ అంది. "ఊపిరి పట్టుకుంట. నువ్వు బిగియ్యి."

"వద్దే. నీకు తాకత్ లేదు."

"మెట్లు దిగితే నీళ్ళేనన్నడు గద ఆ పిలగాడు. నాకు ఆడికి పోవాలనున్నది. బిగియ్యి."

ఆమె ఊపిరి పీల్చి నిలిపింది. నీళ్ళు అద్దంలా అయ్యాయి. కృష్ణయ్య ముందు నట్టు తిప్పి రేకు దూర్చాడు. మెత్తగా జారింది. కింద కూడా అంతే. పక్కల కూడా అంతే. "జరంత ఇడువు, మల్ల పట్టుకుందువు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పానా జారి చిటికెన వేలు చీరుకుపోయింది. చూసుకోలేదు. ఒక్కో నట్టూ బిగించి, రెండు చక్రాలనూ కలిపి బోల్టులు వేశాడు.

"అయిపాయెనే! ఇడువు!"

చేత్తో షాఫ్టు తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. "సూడు, ఎట్ల తిరుగుతున్నదో సూడు" అంటూ వెనక్కి తిరిగాడు.

నీళ్ళు కదల్లేదు. ఆగమ్మ పెదాలు బిగించుకుని, కళ్ళు తెరిచి అలాగే ఉంది. కృష్ణయ్య నీళ్ళలోకి దూకి ఆమె చెంపల మీద కొట్టాడు, రొమ్ము రుద్దాడు, పేరు పెట్టి అరిచాడు. పుష్పమ్మ పరుగెత్తుకొచ్చింది.

ఆగమ్మను బయటికి మోసుకొచ్చినప్పుడు నీళ్ళు కూడా వాళ్ళ కాళ్ళ వెంట సందులోకి వచ్చాయి. తొందరేమీ లేనట్టు ఏటివైపు సాగిపోయాయి. ఇంట్లో పడవ బురద మీద ఒరిగితే, సాగర్ మనుషులు వ్యాన్‌లో చెరువుకు తీసుకుపోయారు. కూల్చేవాళ్ళకు ఆ ఇల్లు ఏమంత కష్టం కాలేదు.

బస్తీ అంతా నాలుగో అంతస్తులకు పోయింది. సాగర్ మాట తప్పలేదు. కృష్ణయ్య చెరువు దగ్గర గదిలో ఉంటున్నాడు. నిండా జనంతో తిరిగినా, వానకు చెరువు ఎగిసినా ఆ పడవ ఇసుమంతైనా అదరదు.

"ఏం బిగించినవ్ కాకా! ఇసొంటి పని నేనెన్నడు సూడలే" అంటాడు సాగర్ వచ్చినవాళ్ళందరి ముందూ.

కృష్ణయ్య పొద్దున్నే జనం రాకముందు పడవలోకి దిగి, బోల్టులు విప్పి, సందు పైభాగంలో రేకు దూర్చి పట్టుకుని కూచుంటాడు. ఒక్కసారైనా, రవ్వంతైనా పట్టేస్తుందేమోనని చూస్తాడు. రేకు మెత్తగా జారిపోతుంది. టికెట్ల కిటికీ తెరిచిన చప్పుడయ్యాక బోల్టులు మళ్ళీ బిగించి లేస్తాడు.