పాము చెవులు

"ఏలూరు వెళ్తున్నా, నువ్వూ రా. ఇంట్లో ఊరికే కూర్చుంటావుగా" అన్నాడు ప్రసాదరావు. నాగవల్లి అప్పటికి ఆ పొద్దున మూడోసారి స్టవ్ తుడుస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఆ 'ఊరికే'లోనే ఇంటిల్లిపాదికీ వండింది, అత్తగారు కనకరత్నం మోకాళ్ళకి నూనె రాసింది, ఉల్లిపాయల మండీ నుంచి వచ్చిన మొగుడి చొక్కాలు ఘాటు వదిలేదాకా ఉతికింది. అయినా ఏలూరు అనగానే చీర మార్చుకుంది. ఇల్లు కదలడమంటూ దొరికితే కారణం అడక్కూడదని ఆమెకి తెలుసు.

కారణం హోమ్ థియేటరు. తాడేపల్లిగూడెంలో తమ ఇంటి వెనక గదిని సినిమా హాలు చేయాలని ప్రసాదరావు ఏడాదిగా కలలు కంటున్నాడు. ఆ గదిలో నాగవల్లి కుట్టుమిషను ఉంది. "మిషనేగా, వరండాలోకి జరిపేద్దాం" అన్నాడు మొన్న. ఆ ఇంట్లో ఆమె తలుపేసుకోగలిగిన చోటు అదొక్కటేనని అతనికి తట్టలేదు. ఏలూరులో సిరాజుద్దీన్ గారని, యాంప్లిఫయర్లు బాగుచేసే ఆయన, ఇంట్లో ఒక గది పాటలు వినడానికే కట్టుకున్నాడు. తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళెవరొచ్చినా స్పీకర్లు పెట్టి వినిపిస్తాడు. కొనేముందు అక్కడ విని చూడాలని ప్రసాదరావు ప్రయాణం.

ఆ గదిలో అడుగు పెట్టగానే నాగవల్లికి చెవులు బరువు దించుకున్నట్టయింది. వీధిలో ఆటో హారను లోపలికి రాలేదు. గోడలకి నిలువునా తివాచీలు.

"మా ఆవిడ నసీమా నేసినవేనండి" అన్నాడు సిరాజుద్దీన్. "గోడలు ఊరుకోకపోతే ఎంత మంచి స్పీకరైనా రేకు డబ్బానే. ఈ గది సగం నాది, సగం ఆవిడది."

అలవాటుకొద్దీ నాగవల్లి కాళ్ళు వంటింటి వైపు తిరిగాయి. నసీమా టీ పళ్ళెంతో ఎదురొచ్చింది. "అటెక్కడికమ్మా? టీ అయిపోయింది. నేనూ ఇక్కడే కూర్చుంటాను."

స్పీకర్ల వైర్లు ప్రసాదరావే కలిపాడు. "మీరుండండి, ఇవన్నీ నాకు తెలుసు, యూట్యూబులో చూశాను" అని సిరాజుద్దీన్‌ని చెయ్యి పెట్టనివ్వలేదు. గది మధ్యలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, ఏదో సినిమా ఫైటు పెట్టించుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా! గదంతా నిండిపోయిందండీ!" అన్నాడు.

"మా ఇంట్లో ఒక పద్ధతుందండి" అన్నాడు సిరాజుద్దీన్. "ఇంట్లో ఎక్కువసేపు ఎవరుంటారో వాళ్ళు వినందే స్పీకర్లు ఖాయం చెయ్యం. అమ్మా, మీరు రండి."

"దానికేం తెలుస్తుందండీ!"

"నేనూ ఆ మాటే అన్నానండి. మొదటి జత ఆవిడని అడక్కుండా తెచ్చాను. మూడు నెలలు ఆవిడకి తలనొప్పి. ఆ తరవాత నాకు బుద్ధి."

నసీమా కిసుక్కున నవ్వింది. నాగవల్లి కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా. సిరాజుద్దీన్ ఫైటు తీసేసి ఇంకోటి పెట్టాడు. పక్షుల అరుపులు. నీళ్ళు. తాటిదోనెని గెడకర్రతో తోస్తున్న చప్పుడు.

"కొల్లేట్లో నేనే రికార్డు చేశానండి. పాటలైతే అందరూ బాగుందనే అంటారు, అందుకే ఇది."

నాగవల్లి కొల్లేటి లంకలో పుట్టింది. కాసేపు విని, తప్పుగా అంటున్నానేమో అన్నట్టు మెల్లగా అంది. "ఈ దోనె ఎక్కడుందో తెలియట్లేదండి. చిన్నప్పుడు గట్టు మీద కళ్ళు మూసుకుని చెప్పేసేవాళ్ళం, ఇదుగో వస్తోంది, ఎదురుగా ఉంది, దాటిపోయింది అని. ఇది ఎదురుగా రావడమే లేదు. రెండు ముక్కలై అటొకటి, ఇటొకటి వినబడుతోంది."

ప్రసాదరావు పెద్దగా నవ్వాడు. "మా అమ్మ ఊరికే అనదండి, దీనివి పాము చెవులని!"

అత్తగారి మాట అది. వచ్చినవాళ్ళందరితో అనేది, "దీని దగ్గర గుసగుసలాడకండమ్మా, పాము చెవులు" అని. ఆ చెవులతోనే ఆమె కుక్కరు విజిల్స్ లెక్కపెట్టేది, మేడ మీద ట్యాంకు పొంగడం పట్టేది, అత్తగారు పక్క మీద ఒత్తిగిలితే లేచేది, వీధి చివర ఇతని బండి మలుపు తిరగ్గానే పెనం పొయ్యిమీద పెట్టేది. చెవులు ఆమెవే గానీ, వాటితో తన కోసం ఏదైనా విని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

సిరాజుద్దీన్ నవ్వలేదు. స్పీకరు వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. "ఒకదానికి ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారయ్యాయండి. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. అలా ఉంటే గదంతా నిండినట్టే అనిపిస్తుంది, మధ్యలో మాత్రం ఏమీ ఉండదు. ఎన్నాళ్ళనుంచో ఈ పని చేస్తున్నాను, ఇంత తొందరగా పట్టుకున్నవాళ్ళు నాకు తెలియదమ్మా."

వైరు మార్చి మళ్ళీ పెట్టాడు. ఈసారి దోనె కుడివైపు నుంచి వచ్చింది. సరిగ్గా ఎదురుగా వచ్చి, గెడ మీద నుంచి నీటిబొట్లు జారుతుండగా ఒక్క క్షణం ఆగి, ఎడమకి సాగిపోయింది. నాగవల్లి కుర్చీలో వెనక్కి వాలింది.

మగవాళ్ళు ఇంకో జత చూడ్డానికి ముందు గదిలోకి వెళ్ళారు. నసీమా తలుపు దగ్గరగా వేసి కింద కూర్చుంది. "మధ్యాహ్నం ఆయన షాపుకెళ్ళాక ఇక్కడ నేనుంటానమ్మా, తలుపేసుకుని."

"ఏం వింటారండి?"

"ఏమీ పెట్టను. నన్నెవరూ పిలవకపోవడం వింటాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత ఇద్దరూ ఊరుకున్నారు. తివాచీల మధ్య ఆ నిశ్శబ్దం నూలుచీరలా మెత్తగా ఉంది. రమ్మని కుర్చీ చూపించిన పెద్దాయనకి, గోడలకి ఊరుకోవడం నేర్పిన ఈవిడకి, ఏమీ ఎరక్కుండానే తనని ఇంతదూరం తీసుకొచ్చిన మొగుడికి కూడా మనసులోనే దణ్ణం పెట్టుకుంది నాగవల్లి.

భీమడోలు దాటాక కారులో ప్రసాదరావు అన్నాడు. "బాగా పట్టేశావే. నువ్వు లేకపోతే ఆ తప్పు స్పీకర్ల మీదే తోసేసేవాణ్ణి." ఆ మాట కూడా ఆమెకి బాగానే ఉంది. మళ్ళీ అతనే, "రేపు మిషను వరండాలోకి జరిపించేస్తాను" అన్నాడు.

"స్పీకర్లు హాల్లో పెట్టుకుందామండి. వైర్లు నేను చూస్తాను. వెనక గదికి లోపలి గడియ వదులైంది, రేపు వడ్రంగిని రమ్మంటున్నాను."

ప్రసాదరావు స్టీరింగు మీంచి తలతిప్పి చూశాడు. "ఆ గదిలో గడియేసుకుని ఏం చేస్తావ్?"

"ఊరికే కూర్చుంటానండి" అంది నాగవల్లి.