తోక తెగిన శిక్షణ

మా ఆయన ఉన్నన్నాళ్ళూ చదవడం ఆయన వంతు, వినడం నా వంతు. ఆయన పోయాక చదివి వినిపించేవాళ్ళు లేక, మనవలున్న వయసులో కోడలి దగ్గర అక్షరాలు దిద్దాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనబడిన బోర్డల్లా పైకి చదువుతాను. బస్సులో పక్కవాళ్ళు లేచి వేరే సీటుకి పోతారు.

కోడలు బళ్ళో టీచరు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఏడు నుంచి పదో తరగతి పిల్లలతో నేరాలు, జైళ్ళు, చట్టాల మీద వాదనలు చేయిస్తుంది. నేను వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంటాను. ఆ పీరియడ్ హెడ్మాస్టరుగారికి కంట్లో నలుసు.

"లెక్కలు రాని గాడిదలకి జైళ్ళ గోలెందుకమ్మా? ఈ శుక్రవారం నేనే వచ్చి చూస్తా. సరుకు లేకపోతే ఆ గంట లెక్కల మాస్టారికి ఇచ్చేస్తా," అన్నారు.

కోడలు గట్టి విషయమే ఎంచుకుంది. దొంగతనం చేసిన పదిహేనేళ్ళ కుర్రాడికి కావలసింది శిక్షా, శిక్షణా? రెండు జట్లు. ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేల్చుకోవాలి. శుక్రవారం దాకా తమ చీటీ అవతలి జట్టుకి చూపించకూడదు.

"చీటీలు నేను రాస్తానమ్మాయ్," అన్నాను.

"రెండే రెండు మాటలు అత్తయ్యా. జాగ్రత్త."

"రెండు మాటలు కూడా రాయలేనిదాన్నా?"

శుక్రవారం హెడ్మాస్టరుగారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. మొదటి జట్టులోంచి ఒక పొడుగు కుర్రాడు లేచి, తప్పు చేసినవాడికి వయసుతో పనేమిటి, జైలే సరి అని బల్ల గుద్దాడు. రెండో జట్టులోంచి లాయరమ్మ లేచింది. ఎనిమిదో తరగతి పిల్ల; తను నోరు తెరిస్తే ఎదుటివాడు మూసుకోవాల్సిందే, అందుకే ఆ పేరు.

"ఒక్క జైలు చాలదు. అమ్మానాన్నలకి జరిమానా కూడా వెయ్యాలి!"

పొడుగువాడు బిత్తరపోయాడు. "అదేంటి? నువ్వు నన్ను కాదనాలి కదా?"

"నువ్వే మా పక్షంలోకి దూరావు!"

చీటీలు రెండూ బయటికొచ్చాయి. రెండింటి మీదా నా గుండ్రటి చేతిరాతే. శిక్ష. శిక్ష.

ఆ 'ణ' అంటే నాకు మొదట్నుంచీ దడ. చుట్ట చుట్టుకున్న పాములా తల ఎక్కడో తోక ఎక్కడో తెలియదు. రెండో చీటీలో దాని దగ్గరికి వచ్చేసరికి ఊపిరి పీల్చుకుందామని ఆగాను. పీల్చుకున్నాను. చీటీ మడిచేశాను.

హెడ్మాస్టరుగారు లేచారు. "ఎదురు వాదించేవాళ్ళే లేరు. ఇంక లెక్కలే."

కోడలి మొహం సుద్దముక్కలా పాలిపోయింది. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అంటారు. ఇక్కడ కొత్త కుండ పగలగొట్టింది అత్త, దెబ్బ మాత్రం కోడలికి. నేను లేచి నిలబడ్డాను.

"తప్పు నాది బాబూ. ణ మింగేసింది నేనే."

"నేరస్థురాలు దొరికింది!" అంది లాయరమ్మ. "ఒక్క నిమిషం కూర్చోండి సార్. ఇప్పుడు బామ్మగారిని ఏం చెయ్యాలి?"

"బోర్డు నిండా ణ రాయించాలి," అన్నాడు పొడుగువాడు. "అదీ శిక్ష!"

"రాస్తే నేర్చుకుంటారు. అది శిక్షణ."

"చెయ్యి లాగుతుంది, నలుగురూ నవ్వుతారు. శిక్షే!"

"నవ్వితే రేపట్నుంచి పెన్సిలే ముట్టుకోరు. అప్పుడు నీ శిక్ష వల్ల ఎవరికి లాభం?"

"వదిలేస్తే మళ్ళీ మింగుతారు!"

"ఆ వయసులో మారతారా?" అని ఎవడో అరిచాడు.

"మారకపోతే అక్షరాలెలా వచ్చాయిరా?"

"సగమే వచ్చాయిగా!"

నన్ను బోనులో పెట్టి అందరూ వాదనకి లేచారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. హెడ్మాస్టరుగారు ఆగలేకపోయారు.

"అది శిక్షేనర్రా! చిన్నప్పుడు మా మాస్టారు నాచేత పలక నిండా 'ఱ' రాయించారు. వేళ్ళు వాచాయి."

"ఇప్పుడు ఆ అక్షరం బాగా వస్తుందా సార్?" అంది లాయరమ్మ.

"బ్రహ్మాండంగా వస్తుంది. కానీ రాసినప్పుడల్లా ఆయన మీద ఒళ్ళు మండుతుంది."

"అయితే అది ఏంటి సార్?"

ఆయన నోరు తెరిచారు. అంతలో బడి గంట మోగింది.

"అప్పుడే అయిపోయిందా? వచ్చే శుక్రవారం తేలుస్తా దీని సంగతి," అన్నారు.

"మరి లెక్కలు?" అంది కోడలు మెల్లగా.

"లెక్కలెక్కడికి పోతాయమ్మా! చీటీలు మాత్రం ఈవిడ చేత రాయించకు."

ఇంటికి రాగానే కోడలు పలక తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది శిక్షా, శిక్షణా?" అన్నాను.

"ముందు రాయండి అత్తయ్యా. పేరు తర్వాత పెడదాం."