దేవుడి గూట్లో కంటి మందు

నేను ఒక కంటి ఆయింట్‌మెంట్ ట్యూబుని. మీ చూపుడు వేలంత కూడా ఉండను. అలాగని చులకనగా చూడకండి, కిందటి కోతల్లో ఒక మనిషి కన్ను నా మూలంగా పోబోయింది.

నేను పుట్టిన చోట మడి ఎంతంటే, మీ ఇళ్లలో తద్దినం వంట కూడా దాని ముందు దిగదుడుపే. నెత్తి మీంచి పాదాల దాకా ముసుగేసుకుని, ఊపిరి కూడా గుడ్డ చాటునుంచి పీల్చుకునే మనుషులు నన్ను నింపి మూత బిగించారు. ఒక్క క్రిమి లోపలికి పోకూడదని అంత తాపత్రయం. అంతా అయ్యాక నన్ను తీసుకొచ్చి మీ చేతుల్లో పెట్టారు. ఏం చేస్తాం!

నా కడుపులో ఇద్దరున్నారు. ఒకడు యాంటీబయాటిక్. క్రిముల్ని చంపుతాడు, అదీ అన్నిటినీ కాదు, కొన్నిటినే. రెండోవాడు స్టెరాయిడ్. వాపునీ ఎరుపునీ నొప్పినీ అణిచేస్తాడు. డాక్టరు కనిపెట్టి ఉన్నంతకాలం వీడంత బుద్ధిమంతుడు లేడు.

గోదావరి పాయ పక్కన ఒక ఊళ్లో మంగతాయారు అని పెద్దావిడ ఉంది. ఆవిడకి శుక్లాల ఆపరేషన్ చేసినప్పుడు డాక్టరమ్మ నన్ను రాసిచ్చింది. "చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, లోపల బియ్యపు గింజంత వెయ్యండి. ట్యూబు మూతి కంటికి తగలనివ్వకండి. కంట్లో ప్రెషర్ చూడాలి, చెప్పినప్పుడల్లా రండి. నేను ఆపమన్నాక మిగిలింది పారెయ్యండి, ఇంకొకరికి ఇవ్వకండి" అని విడమరిచి చెప్పింది. మంగతాయారు అన్నీ తు.చ. తప్పకుండా చేసింది, ఆ చివరి మాట తప్ప. బియ్యం కడిగిన నీళ్లు కూడా కరివేపాకు మొక్కకు పోసే మనిషి, సగానికి సగం మిగిలిన మందుని పారేస్తుందా?

నన్ను తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది, కర్పూరం డబ్బాకీ విభూతి పొట్లానికీ మధ్య. రోజూ సాంబ్రాణి పొగ నాకూ పట్టేది. ఇక వీధిలో వాళ్లు పాలకి తోడు అడిగినట్టు నన్ను అడగడం మొదలెట్టారు. "కన్ను కొంచెం ఎర్రగా ఉందండి పిన్నిగారూ, ఆ మందు ఓసారి ఇస్తారా?" ఈవిడ ప్రసాదంలా తీసిచ్చేది. ఒకరు నా మూతిని రెప్పలకి ఆనించారు, ఇంకొకరు ముక్కు చీది ఆ చేత్తోనే పట్టుకున్నారు. నేను పుట్టినప్పటి మడి అంతా గంగలో కలిసింది.

పక్కవాటాలో వీరవేణి ఉంటుంది. జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తుంది. వెంట్రుకంత సూదితో పూసలూ జరీ కుట్టాలి, ఆ కళ్లే ఆ పిల్లకి బతుకుతెరువు. కోతలప్పుడు పుట్టింటికి వెళ్లి ధాన్యం తూర్పారబోస్తుంటే తాలు ఎగిరి కంట్లో కొట్టింది. కొంగుతో నలిపేసుకుంది. ఇంటికొచ్చేసరికి కన్ను చింతనిప్పులా ఉంది.

"ఆసుపత్రికి వెళ్లి పనంతా పోగొట్టుకుంటావా? నా మందు ఉందిగా" అని మంగతాయారు నన్ను తీసి తనే వేసింది, ఎంతో ప్రేమగా.

వద్దని అరుద్దామంటే నాకు నోరేది? పొలం చెత్త గీరిన కంట్లో ఒక్కోసారి బూజు జాతి క్రిమి చేరుతుంది. దాన్ని చంపే మందు నాలో లేదు. పైగా నాలో ఉన్న ఆ రెండోవాడు, ఇంట్లో దొంగ ఉండగా కుక్క నోరు కట్టేసినట్టు, కంటికి ఉన్న కాపలాని కట్టేశాడు. ఎరుపు తగ్గింది. నొప్పీ తగ్గింది. లోపల బూజు మాత్రం తీరుబడిగా పెరుగుతోంది.

"చెప్పానా, అమృతం" అంది మంగతాయారు. వీరవేణి దండం పెట్టినంత పని చేసింది. మీ మనుషులకి నొప్పి పోతే చాలు, జబ్బు పోయిందనే అనుకుంటారు.

కొన్నాళ్లకి వీరవేణి సూది పట్టుకుని వచ్చింది. "పిన్నిగారూ, బెజ్జం కనపడ్డం లేదండి. ఈ కంటితో చూస్తే అంతా మంచు పట్టినట్టుంది."

ఆవిడ వంట చేస్తోంది. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ మంచు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు, ఆపరేషన్‌కి ముందు తనూ అలాగే చూసింది. కానీ తనకి మనవలున్నారు, ఈ పిల్లకి పట్టుమని ముప్ఫై లేవు. వెలుగులోకి లాక్కెళ్లి రెప్ప ఎత్తి చూసింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. పొయ్యి ఆపేసి, నన్ను కొంగున ముడేసుకుని, పిల్లని ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, "కంట్లో ఏం మందు వేశారు?" అని అడిగింది.

"ఏమీ వెయ్యలేదండి" అంది వీరవేణి. పెద్దావిడ మాట పడుతుందని.

మంగతాయారు కొంగు ముడి విప్పింది. నన్ను తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "అబద్ధమండి. ఈ మందు వేశాం. నేనే నా చేత్తో వేశాను. మీరు పారెయ్యమన్నదే, దాచుకున్నాను."

నాకైతే కోపమంతా అక్కడే పోయింది. డాక్టరమ్మ నన్ను తిప్పి చూసి, "తెచ్చి మంచిపని చేశారు. ఇది తెలియకపోతే నేను దారి తప్పేదాన్ని. ఇంక ఇది వెయ్యకండి" అంది.

"కన్ను నిలుస్తుందాండి?" అని అడిగింది మంగతాయారు.

"ఇంకా ఆలస్యం చేస్తే నిలిచేది కాదు. ఇప్పుడు ప్రయత్నిద్దాం."

మచ్చ మీంచి కాస్త గీరి పరీక్షకి పంపారు. బూజే అని తేలింది. దాన్ని చంపే వేరే చుక్కలు రాశారు. నన్ను మాత్రం మంగతాయారు మళ్లీ గూట్లో పెట్టలేదు. "కళ్లముందుంటే బుద్ధొస్తుంది" అని కిటికీలో పెట్టుకుంది. మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుని, సీసా మూతి రెప్పకి తగలకుండా, పిల్ల కంట్లో చుక్కలు వేసేది. విసుగన్నది లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

వారాలు గడిచాక ఆసుపత్రిలో చివరి పరీక్ష. ఆ రోజు మంగతాయారు నన్నూ కొంగున ముడేసుకుని వెంట తెచ్చింది. మచ్చ గుడ్డు అంచున పల్చటి గీతలా మిగిలింది, చూపుకి అడ్డం రాదట. వీరవేణి బయట బల్ల మీద కూర్చుని సంచీలోంచి సూదీ దారమూ తీసింది. బాగున్న కన్ను చేత్తో మూసుకుంది. దారం ఒకసారి తప్పింది. రెండోసారి బెజ్జంలోంచి దూరి అటుపక్క వచ్చింది. మంగతాయారు నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేసింది.

ఆ తర్వాత నన్ను ముడిలోంచి తీసి, అక్కడ మందుల చెత్త వేసే డబ్బాలో తన చేత్తోనే పడేసింది. అంతలో డాక్టరమ్మ అటు వచ్చింది.

"ఇక మీ రెండో కంటి శుక్లానికీ ఆపరేషన్ పెట్టుకుందామండి. దానికీ ఇలాంటి ట్యూబే రాస్తాను. ఎలా వెయ్యాలో గుర్తుందిగా?"

"వెయ్యడం గుర్తుందండి. ఎప్పుడు పారెయ్యాలో ముందు అది చెప్పండి" అంది మంగతాయారు.

డబ్బా అడుగున పడుకుని ఆ మాట విన్నాను. వచ్చే నా తమ్ముడికి మంచి ఇల్లే దొరికింది.