గంటల కొట్టు వెనకగది

చెన్నై జార్జి టౌన్‌లో చేతిబండీ సైకిలూ ఎదురుపడితే ఏదో ఒకటి వెనక్కి పోక తప్పని సందు ఒకటుంది. ఆ సందులో పరంధామయ్యకి గంటల కొట్టు ఉంది. గుళ్లకి కట్టే పెద్ద గంటల నుంచి ఎద్దుల మెడలో వేసే మువ్వల దాకా అన్నీ టోకున అమ్ముతాడు. ఆయన ముత్తాతల ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి ఎప్పుడొచ్చారో ఎవరికీ గుర్తులేదు గాని, ఇంట్లో ఈనాటికీ తెలుగే.

ఆ చుట్టుపక్కల వ్యాపారులంతా సంఘంగా కలిసి, అందరికీ ఉమ్మడిగా ఒక పెద్ద సర్వరు, దాంతో పాటు ఒక స్టోరేజి కొన్నారు. స్టోరేజి అంటే బీరువాలాంటి ఇనప చట్రం, దాని అరల్లో వరసగా బిగించిన డిస్కులు. అందరి బిల్లులూ, సరుకు వివరాలూ, కొట్లలో కెమెరాలు తీసిన బొమ్మలూ దాంట్లోనే ఉంటాయి. పెట్టడానికి చోటు ఎవరిస్తారని అడిగితే గొడుగుల కాటయ్య పైకప్పు చూశాడు, మిగతావాళ్లు నేల చూశారు. పరంధామయ్య మాత్రం తన కొట్టు వెనకగది ఖాళీ చేయించి, ఏసీ బిగించి ఇచ్చాడు. యంత్రం లోపలికొచ్చిన రోజు ఆయన భార్య కోకిలమ్మ గడప దగ్గర హారతిచ్చి దిష్టి తీసింది.

కొద్దిరోజులకే సందంతా గోల మొదలైంది. బిల్లు కొడుతుంటే కంప్యూటరు బిగుసుకుపోతోంది. కాసేపటికి దానంతటదే కదులుతోంది. మళ్లీ బిగుసుకుపోతోంది. అంబత్తూరులో ఉన్న సర్వీసు కంపెనీకి ఫోన్ చేస్తే సింధూరిని పంపించారు.

సింధూరిది ఒంగోలు. ఉద్యోగానికని చెన్నై వచ్చింది. యంత్రాల దగ్గర ఆమెకి ఓపిక ఎక్కువ, మనుషుల దగ్గర కొంచెం తక్కువ. వెనకగదిలో కూర్చుని కేబుళ్లు ఊడదీసి బిగించింది, కంట్రోలర్లు చూసింది, యంత్రం రాసుకున్న చిట్టా చదివింది. ఎక్కడా తప్పు లేదు. కానీ లాప్‌టాప్ తెరమీద గీత మాత్రం ఉన్నట్టుండి ఆకాశానికి ఎగిరి, మళ్లీ నేలమీదికి దిగుతోంది. గీత ఎగిరిందంటే డిస్కులు జవాబు చెప్పడానికి తటపటాయిస్తున్నాయని.

అప్పుడే కొట్లోకి తిరుత్తణి నుంచి ఒక గుడి ధర్మకర్త వచ్చాడు. గంట కొనేవాళ్లు కొట్టి చూడకుండా కొనరు కదా. ఆయన ఒకటి కొట్టాడు, గీత ఎగిరింది. ఇంకొకటి కొట్టాడు, మళ్లీ ఎగిరింది. ధర్మకర్త కాఫీ తాగినంతసేపూ గీత పడుకునే ఉంది. సింధూరి లాప్‌టాప్ పట్టుకుని ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యగారూ, ఆ పెద్దది కొట్టండి," అంది.

కొట్టాడు. ఆమె తల పట్టుకుంది.

పరంధామయ్యకి ఆమె విడమరిచి చెప్పింది. "డిస్కు లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుందండి. దాని మీద, తగిలీ తగలనట్టు, ఒక ముల్లు ఉంటుంది. అదే రాసేది, చదివేది. పెద్ద చప్పుడైతే ఆ ముల్లు అదిరి గురి తప్పుతుంది. మళ్లీ గురి చూసుకునేదాకా పని ఆగిపోతుంది."

పరంధామయ్య మొహం చిన్నబోయింది. "అంటే మా గంటకి అది ఉలిక్కిపడతా ఉందా?"

"ఉలిక్కిపడడం కాదండి. అదురుతోంది."

"అదే కద మా, నేను చెప్పేది."

వేరే చోటికి మార్చేస్తే సరిపోతుందని సింధూరి అంది. పరంధామయ్య ఒప్పుకోలేదు. "హారతిచ్చి లోపలికి పిలుచుకున్నాం. ఇప్పుడు నీకు ఈడ సరిపడలేదు, ఆడికి పో అంటామా? అది మా ఇంట్లో లేదు." ఆ 'అది' అలవాటని ఆమెకి అర్థమవడానికి కాసేపు పట్టింది.

ఆ సాయంత్రమే ఆయన కొట్లో ఉన్న ప్రతి గంట నాలుకకీ గుడ్డ చుట్టించాడు. కొట్లో పనిచేసే కన్నియప్పన్ నిచ్చెనెక్కి, వేలాడే గంటల నాలుకలకి పాత పంచెల పీలికలు కట్టుకుంటూ పోయాడు. గంటల కొట్లో మనుషులు గుసగుసగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సందులో బిల్లులు చకచకా వెళ్లాయి. ఒక్క పరంధామయ్య కొట్లోనే బిల్లులు లేవు.

సింధూరికి మనసొప్పలేదు. కంపెనీ పై మెట్టుకి ఫిర్యాదు పంపింది. తిరిగే పళ్లేలు లేని కొత్తరకం డిస్కులు ఇస్తే ఎంత చప్పుడైనా పరవాలేదని రాసింది. దానికి బెంగళూరు నుంచి విజయకుమార్ అనే నిపుణుడు వీడియో కాల్‌లోకి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు.

"శబ్దం వల్లే అని మీరు రాశారు. రుజువు కావాలండి. నేను గ్రాఫు చూస్తుంటాను, మీరు గంటలు మోగించండి," అన్నాడు.

సంఘం తరఫున కాటయ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుకలకి చుట్టిన గుడ్డలు విప్పారు. కన్నియప్పన్ బిందెంత గంటని రెండు చేతులా ఊపాడు. పరంధామయ్య చేతికొకటి పట్టుకున్నాడు. కోకిలమ్మ వంటింట్లోంచి వచ్చి కొంగు బిగించి, దూలానికి వేలాడుతున్న గొలుసు గంట అందుకుంది. ఇన్నాళ్లు నోరు కట్టుకున్న కసి కూడా కలిసిందేమో, సందులో పావురాలన్నీ లేచిపోయాయి. పక్క కొట్టు ముసలాయన చెవుల్లో వేళ్లు పెట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు.

"సింధూరిగారూ, ఇక మొదలుపెట్టండి," అన్నాడు విజయకుమార్.

"కొడుతున్నారండీ."

"ఎవరు?"

"అందరూ."

విజయకుమార్ తెరకి దగ్గరగా జరిగాడు. "గంటలు ఊపడం కనిపిస్తోంది. శబ్దం లేదు కదా."

ఆ కాల్ నడిపే సాఫ్ట్‌వేరు మనిషి గొంతు తప్ప మిగతాదంతా రొద కింద లెక్కేసి తీసేస్తోంది. ఎంత గట్టిగా కొడితే అంత శుభ్రంగా తుడిచేస్తోంది. సింధూరి ఆ మాట చెప్పడానికి గొంతు చించుకుంది.

"మీరెందుకండీ అరుస్తున్నారు? అక్కడ చాలా ప్రశాంతంగా ఉంది," అన్నాడు ఆయన.

ఆ తీసేసేదాన్ని ఆపమంటే, ఆపే అధికారం తనకి లేదన్నాడు. మామూలు ఫోన్లో వినమంటే, ఫోన్లో విన్నది రుజువు కింద చెల్లదన్నాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, నిశ్శబ్దంలో కూడా గ్రాఫు ఎగురుతోంది కాబట్టి డిస్కులే నాసిరకం, అన్నీ మార్చాలి.

కొత్త డిస్కులు వచ్చాయి, అదే రకానివి. సింధూరి ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే బిగించి, పాతదాంట్లోది కొత్తదాంట్లోకి ఎక్కేదాకా కాపలా కూర్చుంది. అంతా అయ్యాక కన్నియప్పన్ ఒక చిన్న పూజగంట కొట్టాడు. గీత ఎగిరింది. పీలికలు మళ్లీ ఎక్కాయి.

కొనేవాళ్లు మాత్రం ఊరుకుంటారా? మోగని గంట ఎవరిక్కావాలి? పరంధామయ్య ఆలోచించి, గిరాకీ వచ్చినప్పుడల్లా కావలసిన గంటలు చేతిబండి మీద కట్టించి, రేవు గోడ పక్కన పెద్దరోడ్డుకి తోలించాడు. ఆడైతే ఎంత మోగినా యంత్రానికి వినపడదు. కన్నియప్పన్ బండి లాగేవాడు, గిరాకీ వెనక నడిచేవాడు, అందరికన్నా వెనక పరంధామయ్య గొడుగేసుకుని వచ్చేవాడు.

రోడ్డు మీద జనం ఏమనుకుంటారు? బండి మీద గంటలు ఊగుతున్నాయి, వెనక పెద్దమనిషి నడుస్తున్నాడు. బస్సులో ఉన్నవాళ్లు లెంపలేసుకున్నారు. డ్రైవరు బస్సాపి దండం పెట్టాడు. పూలమ్మే కన్నియమ్మ తన బుట్టలోంచి మూర మల్లెపూలు తెంచి పెద్దగంటకి చుట్టింది. ఎవరో కుంకుమ పెట్టారు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పరంధామయ్య చేతులడ్డం పెట్టి, "అయ్యో, ఇది అమ్మకానికమ్మా," అంటుంటే, "అందరం ఆ దేవుడి సొమ్మే కద సామీ," అని ఒకామె ఆయన కాళ్లకి కూడా మొక్కింది.

గంట కోసం బండి వెనకే నడిచొచ్చిన తిరుత్తణి ధర్మకర్త అంతా చూసి పెదవి విరిచాడు. "ఇంతమంది మొక్కిన గంటని తీసుకుపోయి మా సామి ముందు కడితే, ఆయనకి ఎంగిలి పెట్టినట్టు కాదా?" అని వెళ్లిపోయాడు. అప్పటినుంచి రోడ్డుకి వెళ్లిన ప్రతి గంటా మొక్కులు మోసుకుని వెనక్కొచ్చేది. అమ్మడానికి పనికిరాదు, కరిగించడానికి చేతులు రావు. కుంకుమ బొట్లతో ఒక మూల పేరుకున్నాయి.

పరంధామయ్య సరిగా తినడం మానేశాడు. రోజూ వెనకగది తలుపు కొద్దిగా తీసి, లైట్లు చూసి, చప్పుడు కాకుండా మూసేవాడు. సింధూరి ఒకరోజు తనిఖీకి వచ్చినప్పుడు ఆయన వైపు చూడలేకపోయింది. వంటింట్లోకి వెళ్లి కోకిలమ్మతో అంది. "నా మాట వినట్లేదండీ. మీరైనా చెప్పండి. కొట్టు మూతపడుతుంది."

కోకిలమ్మ చట్నీకి కొబ్బరి తురుముతోంది. "కొట్టు మూతపడతాదని చెప్తే వినడు మా. ఆయన మనిషే అట్లా. ఉండు."

తురుము పీట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, భర్త దగ్గరికి పోయి నిలబడింది. "దానికి ఈడ ఒంట్లో బాగుండలేదు. చూసినావా? మనం తుమ్మితే అదరతా ఉంది. వచ్చినోళ్లకి నీళ్లు పడకపోతే మంచి ఊరికి పంపేది మర్యాదా, మన పేరు కోసరం ఈడనే పెట్టుకోని సతాయించేది మర్యాదా?"

పరంధామయ్య వెనకగది తలుపు వైపు చూశాడు. తర్వాత సింధూరి వైపు తిరిగాడు. "ఆడ దానికి గాలి బాగుంటాదా?"

"ఎక్కడండీ?"

"పెద్దరోడ్డు అవతల కాటయ్య మేడ మీద. గొడుగులు చప్పుడు చెయ్యవు కదా."

కాటయ్యకి ఈసారి పైకప్పు చూసే వీల్లేకపోయింది. సంఘం అంతా ఆయన్నే చూసింది.

తరలింపు రోజున సింధూరి పద్ధతిగా చేసింది. అంతా రెండోచోట నకలు తీసుకుంది, సర్వరుని ముందు, స్టోరేజిని తర్వాత నిద్రపుచ్చింది. ఏ డిస్కు ఏ అరదో చీటీలంటించి స్పాంజి పెట్టెల్లో సర్దింది. ఆ సందులోకి వ్యాను రాదు కాబట్టి మళ్లీ కన్నియప్పన్ బండే దిక్కయింది. గతుకులకి అదరకుండా బండి మీద గాలి నింపిన లారీ ట్యూబులు పరిచి, వాటి మీద చట్రాన్ని కూర్చోబెట్టారు. చినుకులు పడేలా ఉందని కాటయ్య తన కొట్లో అన్నిటికన్నా పెద్ద గొడుగు, జరీ అంచుది, పంపించాడు. కోకిలమ్మ కొత్త తుండుగుడ్డ కప్పింది.

పెద్దరోడ్డు దాటేటప్పుడు ట్రాఫిక్ పోలీసు ఎవరూ అడగకుండానే చెయ్యెత్తి బస్సులు ఆపాడు. గొడుగు నీడలో, ట్యూబుల మీద మెత్తగా ఊగుతూ వస్తున్నదాన్ని చూసి కన్నియమ్మ బుట్ట దింపింది.

"ఏ అమ్మ మా?" అని సింధూరినడిగింది.

పొద్దున్నుంచి తిండి లేక సింధూరికి ఓపిక లేదు. "స్టోరేజి," అంది.

"స్టోరేజమ్మ," అని కన్నియమ్మ కళ్లకద్దుకుంది. ఆ పేరు బండి కన్నా ముందు నడిచింది. కాటయ్య కొట్టు చేరేసరికి అక్కడ మెట్ల మీద ముగ్గు వేసి ఉంది. కుంకుమ పెడతామని జనం మీదికొస్తే, గాలి పోయే కంతల మీద వద్దు, పక్కన రేకు మీద పెట్టుకోండి అని సింధూరి చెప్పాల్సి వచ్చింది. కాదంటే ఇంకా ఆలస్యమవుతుందని ఆమె భయం.

మేడ మీద యంత్రం లేచింది. లైట్లన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. సింధూరి ఫోన్ చేసి కొట్టమంది. గంటల కొట్లో పీలికలన్నీ ఊడాయి, కన్నియప్పన్ ఏ గంటనీ వదల్లేదు. తెరమీద గీత కదల్లేదు. పరంధామయ్య ఫోన్ అందుకున్నాడు. "నిద్రపోతా ఉందా?" అన్నాడు. "హాయిగా పని చేసుకుంటోందండీ," అంది సింధూరి. ఆమెకి తెలియకుండానే గొంతు మెత్తబడింది.

తిరుత్తణి ధర్మకర్త మళ్లీ వచ్చి తాజా గంట కొనుక్కుపోయాడు. మొక్కులు పడ్డ గంటల్ని పరంధామయ్య అమ్మలేదు. మనలి వైపు కొత్తగా కట్టుకున్న చిన్నచిన్న గుళ్లకి ఊరికే ఇచ్చాడు.

కొన్నాళ్లకి కాటయ్య మేడ మీద ఒక డిస్కు నిజంగానే పాడైంది. అలాంటివి పాడవుతుంటాయి, మిగతావి దాని పని మోస్తుంటాయి, వెళ్లి మార్చడమే. సింధూరి కొత్తది పట్టుకుని వెళ్లేసరికి మెట్ల నిండా చెప్పులు. అద్దాల తలుపు బయట జనం వరసగా, కిక్కురుమనకుండా నిలబడి ఉన్నారు. ఈ అమ్మకి చప్పుడు పడదని పరంధామయ్య అందరికీ నచ్చజెప్పాడట. కింద కాటయ్య గొడుగులు బాగా అమ్ముడుపోతున్నాయి.

ఆమె లోపలికెళ్లి పసుపు లైటు వెలుగుతున్న డిస్కు లాగి, కొత్తది తోసింది. లైటు ఆకుపచ్చగా మారింది. వెనక ఎవరో మెల్లగా నిట్టూర్చారు. తిరిగి చూస్తే తెరిచిన తలుపు దగ్గర కన్నియమ్మ రెండు చేతులూ చాపి నిలబడి ఉంది, పాత డిస్కు వైపు చూస్తూ.

"ఇది కంపెనీకి వెనక్కి ఇచ్చెయ్యాలమ్మా," అంది సింధూరి, గొంతు తగ్గించి.

"సరి మా. కొత్తది వచ్చిన డబ్బా ఉంది కద."

సింధూరి డబ్బా ఇచ్చింది. కన్నియమ్మ అందులోని స్పాంజిని కళ్లకద్దుకుని, చిన్నచిన్న ముక్కలుగా తుంచి వరసలో అందరికీ పంచింది. చివరికి ఒక ముక్క సింధూరి ముందుకి చాపింది. ఆమె కుడిచేతిలో స్క్రూడ్రైవరు ఉంది. ఎడమచేయి చాపబోయి, ఆగి, స్క్రూడ్రైవరు కింద పెట్టి కుడిచేయి పట్టింది.